గడ్డిమంట చుట్టూ డప్పులు

మొన్న కనుమ నాడు సాయంత్రం కాలవగట్టు మీద ఎవరో వరిగడ్డి తగలబెట్టారు. మంచు దిగే వేళ. పొగ పైకి లేవలేక కొబ్బరితోట అడుగునే పాకింది. ఆ వాసన తగిలేసరికి చెవులు వాటంతటవే డప్పు కోసం వెతికాయి. గడ్డి కాలే వాసనకీ డప్పుకీ సంబంధమేంటని ఇప్పటి పిల్లలు అడుగుతారు. గోదావరి లంకల్లో, కాలవల పక్క ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఆ రెండూ వేరు కావు. ముందు గడ్డి కాలాలి, తరవాతే డప్పు మోగాలి.

అంతకు కాసేపటి ముందే ఊళ్ళోంచి ప్రభ కదిలింది. ప్రభంటే వెదురు చట్రానికి రంగు బట్టలు కట్టి, దేవుణ్ణి నిలిపి ఊరేగించేది. దాని ముందు ఎనిమిది డప్పులు. అన్నీ ఇనప చట్రాలే, అన్నిటికీ తెల్లటి ప్లాస్టిక్ మూతలే, బిగించుకోవడానికి చుట్టూ మరలు. కుర్రాళ్ళు బాగా వాయించారు, అందులో వంక పెట్టడానికి లేదు. ఆటో దిగారు, భుజానికి తగిలించుకున్నారు, మోత మొదలుపెట్టారు. మంట వెయ్యలేదు. మంట చుట్టూ నిలబడే అరగంట లేదు. ఆ అరగంటలో ఏం జరిగేదో గుర్తున్నంత వరకూ రాసి పెట్టాలనిపించింది.

*

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలే. ఇంటి ముందు బోదె (పిల్లకాలవ), పక్కన చేలో నీళ్ళు, వెనక చెరువు, ఆ పైన సముద్రపు గాలి. వరికీ కొబ్బరికీ ఇంతకన్నా ఏం కావాలి? తోలుకి మాత్రం ఈ గాలి పడదు. డప్పు మీది తోలు గాలిలో తేమను పీల్చుకుని సాగుతుంది. సాగితే బిగువు పోతుంది, బిగువుతో పాటే శ్రుతి దిగిపోతుంది. మధ్యాహ్నం ఖంగుమన్న డప్పు దీపాలు పెట్టే వేళకి తడిసిన గోనెసంచిని బాదినట్టు దబదబలాడుతుంది. వేడి తగిలితే ఆ తేమ ఆరిపోయి తోలు మళ్ళీ బిగుసుకుంటుంది. మంచు పడే పుష్యమాసం రాత్రుల్లో ఆ బిగువు పావుగంట నిలిస్తే గొప్ప.

అందుకే ఊరేగింపు సాగే దారిలో ప్రతి కూడలిలోనూ గడ్డి సిద్ధంగా ఉండేది. ఆ పూచీ ఆ వీధి వాళ్ళది. ఎవరి కుప్పలోంచి వాళ్ళు రెండు మోపులు దూసి తెచ్చి రావిచెట్టు కిందో, పంచాయితీ అరుగు పక్కనో పడేసేవారు. కుప్ప పైన ఉన్న గడ్డి మంచుకి తడిసి ఉంటుంది, అది పొగే తప్ప మంట ఇవ్వదు. లోపలి నుంచి దూసినది కావాలి.

మంట వెయ్యడానికీ ఒక లెక్క ఉంది. కొబ్బరి డొక్క వేస్తే నిప్పు చాలాసేపు ఉంటుంది కానీ పొగకి కళ్ళు తెరవలేం, సెగ కూడా ఒకే చోట నిలుస్తుంది. ఎండు కొబ్బరాకు, తాటాకు భగ్గుమని లేచి తోలును మాడుస్తాయి. వరిగడ్డి మంట మెత్తన. గుప్పెడు వేస్తే గుప్పెడంత మంట, అంతే. "మోపంతా కుమ్మరించకండ్రా, ఇది భోగిమంట కాదు! గుప్పెడు గుప్పెడుగా ఎయ్యండి" అని మేళంలో పెద్ద డప్పు వాయించే తాత ప్రతిసారీ అరిచేవాడు. "ఆయ్, అలాగే తాతా" అంటూనే పిల్లలు ఇంకో పిడికెడు ఎక్కువే వేసేవారు.

తోలు ముఖం మంటవైపు తిప్పి, మూరెడు ఎడం ఉంచి, డప్పును చక్రంలా తిప్పుతూ ఉండాలి. ఒకచోటే ఆపితే అక్కడ తోలు ముడుచుకుపోతుంది, మిగతా చోట వదులుగా ఉంటుంది. అలాంటి డప్పుని ఎక్కడ కొడితే అక్కడ ఒక గొంతు. కాస్తున్నంతసేపూ వేలితో తడుతూ వినాలి. తోలుకి అరచెయ్యి ఆనించి చూసుకోవాలి. చెయ్యి ఓర్చుకోలేనంత వేడెక్కితే తోలూ ఓర్చుకోదు. అతిగా కాచితే ముందు అంచు దెబ్బతింటుంది. అక్కడ పట్టి ఉంచేది చింతగింజల జిగురు. అది మాడి పెళుసుబారిందంటే పొలుసులుగా రాలిపోతుంది, తోలు అంచు లేచిపోతుంది. అలా లేచిన డప్పు ఆ రాత్రికి ఇక పనికి రాదు.

దూడతోలు డప్పుల్ని ముందు కాచేవారు, మేకతోలువి చివర. దూడతోలు దళసరి. వేడి ఎక్కడానికి చాలాసేపు పడుతుంది, ఎక్కాక అంత త్వరగా దిగదు. మేకతోలు పలచన. చిటికెలో బిగుస్తుంది, చిటికెలో వదులవుతుంది. వరస తప్పించి కాస్తే దళసరివి తయారయ్యేలోపు పలచనివి చల్లారిపోయి, మళ్ళీ మొదటికి వస్తుంది.

ముందు పెద్ద డప్పు తయారయ్యేది. దాని గొంతే కొలత. తరవాత అందరూ మంట చుట్టూ గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరు ఒక్కొక్క దెబ్బ వేసేవారు. దెబ్బ చేతినుంచి చేతికి చుట్టూ తిరిగి మొదటి మనిషి దగ్గరికి వచ్చేది. శ్రుతి తగ్గిన డప్పు పంటి కింద రాయిలా తెలిసిపోయేది. ఎవరూ ఏమీ అనక్కర్లేదు, ఆ మనిషే ఒక అడుగు మంట వైపు వేసేవాడు. మళ్ళీ చుట్టు. మూడు నాలుగు చుట్లకి ఎనిమిది డప్పులూ ఒక గొంతుకి వచ్చేవి. ఇంకా దరువు మొదలు కాలేదు, కానీ ఒకరినొకరు వినడం అప్పటికే మొదలైపోయింది. పేట పిల్లలు నేర్చుకున్నది కూడా అక్కడే. రేకు డబ్బా మూత పట్టుకుని చుట్టులో చివర నిలబడేవారు, దెబ్బ తమదాకా వస్తే వేసేవారు. తప్పితే తాత కళ్ళెత్తి చూసేవాడు, అంతకన్నా పాఠం ఉండేది కాదు.

*

డప్పు చెయ్యడం వానల్లో పెట్టుకునేవారు కాదు. మాఘ ఫాల్గుణాలు మంచివి, గాలి పొడిగా ఉంటుంది కానీ మండే ఎండ కాదు. చట్రానికి వేపచెక్క. వంపు తిరిగిన ముక్కల్ని చెక్కి, చివరలు ఒకదానిలో ఒకటి కూర్చి, గుండ్రంగా బిగిస్తే మూరెడు వెడల్పు వస్తుంది. పచ్చి చెక్కతో చేస్తే ఎండాక అతుకులు విడిపోతాయి.

తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి వెంట్రుకలు ఊడగీకి, లోపలివైపు కండా కొవ్వూ మిగలకుండా గోకి, బాగా కడగాలి. కొవ్వు మిగిలితే జిగురు పట్టదు, పైగా పురుగు చేరుతుంది. జిగురు కోసం చింతగింజల్ని వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి గరిట జారేదాకా ఉడికించేవారు. పలుకు మిగిలితే ఆ పలుకున్న చోట తోలు అంటదు.

తోలు పరిచేటప్పుడు చూసుకోవాల్సింది వెన్ను గీత. జంతువు వెన్ను వెంట తోలు మందంగా, పొట్ట వైపు పలచగా ఉంటుంది. వెన్ను గీత డప్పు నడిమధ్యగా వస్తే రెండు పక్కలా ఒకే బిగువు ఉంటుంది. ఆ గీత పక్కకి పోతే ఎంత కాచినా ఒక చెంప బిగువు, ఒక చెంప వదులు. తడి తోలును చట్రం మీదకి లాగి, అంచుకి జిగురు పూసి, వార్లతో బిగించి కట్టాక నీడలోనే ఆరనివ్వాలి. తొందరపడి ఎండలో పెడితే పైపొర ముందు ఎండి లాక్కుంటుంది, లోపలి పొర ఇంకా పచ్చిగానే ఉంటుంది. అలాంటిది మొదటి జాతరకే చీలుతుంది.

ఈ పనంతా పేటలో మాదిగ కుటుంబాలది. చావుకీ పెళ్ళికీ జాతరకీ దండోరాకీ ఊరంతటికీ వాళ్ళ చెయ్యి కావాలి, ఒక్కోదానికి ఒక్కో దరువు. దూరం నుంచి వింటేనే ఎవరింట్లో ఏమైందో తెలిసిపోయేది. అంత విద్య చేతుల్లో ఉన్నవాళ్ళని రామాలయం మెట్టు దగ్గరే ఆపేశారు. కూలిగా రెండు కుంచాల ధాన్యం కొలిచిచ్చి పంపేసేవారు. ఆ అన్యాయాన్ని పక్కనపెట్టి డప్పు తియ్యదనం గురించి రాయడం నాకు చేతకాదు. ఇవాళ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయలు పింఛను ఇస్తోంది. ఆ తరానికి అది అందలేదు.

*

డప్పు ఎడమ భుజాన వేలాడుతుంది. కుడిచేతిలో చిర్ర, పొట్టిగా లావుగా. ఎడమచేతి వేళ్ళ మధ్య చిటికెన పుల్ల, సన్నటి వెదురు బద్ద. చిర్ర మధ్యలో పడితే గుండెకి తగిలే మోత, పుల్ల అంచున పడితే చిటపట. రెండు చేతులూ చేసేది ఒకే డప్పు మీద రెండు వాద్యాల పని. కొత్తవాళ్ళు చిర్రను గట్టిగా బిగించి పట్టి తోలుకి అదుముతారు. దెబ్బ పడగానే కర్ర తనంతట తాను లేచి రావాలి. అదిమితే తోలు గొంతు నొక్కినట్టే.

ఎనిమిది మందిలో అయిదుగురు నడక పట్టేవారు, మొదటినుంచి చివరిదాకా అదే దరువు, ఒక్క దెబ్బ ఎక్కువా కాదు తక్కువా కాదు. ఇద్దరు దానికి బదులు పలికేవారు. పెద్ద డప్పు ఒక్కడే ఎత్తుగడ ఇచ్చేవాడు, మలుపులు తిప్పేవాడు, ముక్తాయింపుకి చిర్ర తల మీదకి ఎత్తి చూపించేవాడు. చూసే జనం మెచ్చుకునేది ఆ ఒక్కణ్ణే. పేటలో మాత్రం లెక్క వేరు. "నడక పట్టేవోడు దొరకడం కష్టం, గెంతేవోళ్ళు ఊరికొకళ్ళుంటారు" అనేవారు. అరగంట సేపు ఏ చమక్కూ చెయ్యకుండా ఒకే దరువు మీద నిలబడాలంటే చాలా నిబ్బరం కావాలి. అయిదుగురిలో ఒకడికి సరదా పుట్టి మధ్యలో నాలుగు దెబ్బలు ఇరికించాడా, పక్కవాడూ ఇరికిస్తాడు. ఇంక అది మేళం కాదు, గోల.

రెండో జబ్బు పరుగు. జనం ఈలలు వేస్తారు, గరగలు (అమ్మవారి పేర అలంకరించిన కుండలు) నెత్తిన ఎత్తినవాళ్ళు ఊగుతారు, ఒంట్లో వేడి ఎక్కుతుంది. తెలియకుండానే దరువు వేగం పెరుగుతుంది. పది నిమిషాల్లో గరగ నెత్తిన పెట్టుకున్న మనిషి కాళ్ళు ఆ వేగాన్ని అందుకోలేవు. గరగ బరువు మెడ మీద ఉంటుంది, అడుగు తడబడితే ప్రమాదం. పెద్ద డప్పు మంచివాడైతే డప్పుల వంక కాదు, ఆ కాళ్ళ వంక చూస్తూ వాయించేవాడు. పరుగు మొదలైందనిపిస్తే గట్టిగా కొట్టి ఆపడానికి చూసేవాడు కాదు. తన దెబ్బ చిన్నది చేసేవాడు. అది వినడానికి మిగతావాళ్ళూ తగ్గాల్సి వచ్చేది, తగ్గితే వేగం దానంతటదే దారికొచ్చేది. అంత పెద్ద మోతలో అంత నెమ్మదైన ఉపాయం!

*

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటలో తీర్థం, అంటే జాతర. చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు పదకొండూ అక్కడికి చేరతాయి. చేలకి అడ్డంపడి, బోదెలు దాటి, భుజాల మీద వస్తాయి. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవ నీళ్ళలో దిగి దాటుతుంటే గట్టు మీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

నీళ్ళు దాటే చోట డప్పుకి గండం. తేమ తగిలిన తోలు వేరు, నీళ్ళు పడ్డ తోలు వేరు. నీళ్ళు పడ్డదాన్ని మంటకి చూపిస్తే తడి చోటు ఒక్కసారిగా ముడుచుకుని అంచు దగ్గర చిరుగుతుంది. దాన్ని తుడిచి, నీడలో ఆరబెట్టి, మర్నాటిదాకా ముట్టుకోకూడదు. అందుకని డప్పుని కండువాలో చుట్టి, నెత్తిన పెట్టుకుని దాటేవారు. అవతలి గట్టున మళ్ళీ గడ్డి, మళ్ళీ మంట, మళ్ళీ చుట్టు.

తీర్థంలో ఇంకో చిక్కు దూరం. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. ప్రభ ముందు నలుగురు, వంద మీటర్లు వెనక నలుగురు నడుస్తుంటే ముందువాళ్ళ దెబ్బ వెనకవాళ్ళకి సెకనులో మూడోవంతు ఆలస్యంగా వినపడుతుంది. జోరు దరువులో ఆ మూడోవంతుకి ఒక దెబ్బ పడుతుంది. వెనకవాళ్ళు చెవిని నమ్మి వాయిస్తే నిజాయితీగానే ఒక దెబ్బ వెనకబడతారు. మన పెద్దవాళ్ళు ఈ లెక్క కట్టలేదు కానీ మందు కనిపెట్టారు. డప్పుల్ని ఎప్పుడూ బారుగా సాగనిచ్చేవారు కాదు, అందరూ ఒక గుంపుగా, ఒకరి చిర్ర ఒకరికి కనపడేలా నడిచేవారు. దారి ఇరుకై విడిపోవాల్సి వస్తే వాయించడం ఆపేసేవారు. చేలోకి వచ్చాక మళ్ళీ గుండ్రంగా చేరి ఎత్తుకునేవారు.

*

ఊళ్ళో రెండో చుట్టు రామాలయంలో, ఏకాహానికి. పొద్దున్న దీపం వెలిగించిన దగ్గర్నుంచి మర్నాడు పొద్దుటిదాకా నామం తెగకూడదు. హరే రామ హరే కృష్ణ, పదహారు నామాలు, ఇరవై నాలుగు గంటలు. మధ్యలో దీపం, దాని చుట్టూ ప్రదక్షిణంగా నడుస్తూ పాడే జట్టు. హార్మోనియం, మృదంగమో డోలకో, నాలుగైదు జతల తాళాలు, చిడతలు. పొరుగూళ్ళ జట్లు కూడా వచ్చేవి, తలా రెండు గంటలు.

అప్పగింత చూడ్డానికి చాలా బాగుండేది. కొత్త జట్టు తలుపు దగ్గర నిలబడి ముందు లయ పట్టుకునేది. తరవాత ఒక్కొక్కరే చుట్టులోకి వచ్చి పాతవాళ్ళ పక్కన నడిచేవారు. ముందు గొంతులు కలిసేవి, తరవాత తాళాలు, చివరగా మృదంగం. రెండు మృదంగాలూ కలిసి నాలుగైదు ఆవర్తాలు నడిచాక పాతది ఆగేది. కళ్ళు మూసుకుని వింటే ఎక్కడ మారిందో చెప్పలేం. తొందరపడి మృదంగం ముందు మారిస్తే మాత్రం ఒక్క క్షణం అందరి కాళ్ళూ ఆగిపోయేవి.

తెల్లవారుజామున మూడు గంటలకి అసలు పరీక్ష. హార్మోనియం శ్రుతి మారదు, మృదంగం మారుతుంది. ఎడమ మూతకి పెట్టిన బొంబాయి రవ్వ ముద్ద ఎండి అంచులు లేస్తాయి, గుమికి, అంటే ఆ ఎడమ మూత పలికే కింది మోత, ఎగిరిపోతుంది. వేలు తడిపి అద్దుకుంటూ ఉండాలి. కుడి మూత చలికి దిగుతుంది. చిన్న రాయితో అంచు మీద పైనుంచి తడితే శ్రుతి ఎక్కుతుంది, కిందినుంచి తడితే దిగుతుంది. నామం ఆగకుండానే, రెండో మృదంగానికి నడక అప్పగించి, ఆ మూల దీపం దగ్గర కూర్చుని సరిచేసుకునేవారు. పాడే శ్రుతిని హార్మోనియం మెట్ల లెక్కలో రెండు దాటనిచ్చేవారు కాదు. పొద్దుట ఉత్సాహంలో పైకి ఎత్తుకుంటే అర్ధరాత్రికి గొంతులు బొంగురుపోతాయి. మిరియాల పాలు తాగినా తిరిగి రావు.

మైకు వచ్చాక ఆ చుట్టు విడిపోయింది. మైకు ఒక చోట ఉంటుంది, నడిచేవాళ్ళ గొంతు అందుకోదు. అందుకని పాడేవాళ్ళు కూర్చున్నారు. నలుగురు కూర్చుంటే చాలు, నాలుగు ఊళ్ళకి వినపడుతుంది. మిగతా ఇరవై మంది ఏం చెయ్యాలి? అరుగు మీద కూర్చుని వినడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఇంటి దగ్గరే వింటున్నారు.

*

ప్లాస్టిక్ మూతని తిట్టబుద్ధి కాదు. వానలో తడవచ్చు, మంచులో నిలుస్తుంది, మర బిగిస్తే చాలు. చచ్చిన గొడ్డు తోలు ఒలిచే పని నుంచి, ఆ పని పేరుతో వచ్చిన అవమానం నుంచి ఒక తరం బయటపడింది. అది చిన్న విషయం కాదు. కానీ దాని గొంతు చురుగ్గా ఉంటుంది. కింది మోత తక్కువ. ఎనిమిది కలిస్తే రేకుల కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉంటుంది. మంట దగ్గర ఒకరి గొంతు ఒకరు వెతుక్కునే పని లేకపోవడంతో ఎవరి మర వాళ్ళు బిగించుకుంటున్నారు. ఏ రెండు డప్పులూ ఒక గొంతుగా లేవని మొన్న ప్రభ ముందు ఎవరూ పట్టించుకోలేదు.

తోలు డప్పులు పోవడానికి ఇంకో కారణం వంటింట్లో ఉంది. జాతర అయిపోయాక డప్పుని పొయ్యి పైన అటక వాసానికి వేలాడదీసేవారు. కట్టెల పొగ రోజూ తగులుతుంటే తేమ చేరదు, పురుగు పట్టదు, జిగురు కోసం ఎలక రాదు. తోలు ఏడాది పొడుగునా బంగారు రంగులో పదిలంగా ఉండేది. గ్యాసు పొయ్యిలొచ్చాయి, డాబాలొచ్చాయి, వాసాలు పోయాయి. మంచం కిందా బీరువా మీదా పెట్టిన డప్పులు రెండు వానాకాలాలు చూసేసరికి బూజు పట్టి, ఎలకలు అంచులు కొరికేసి, పనికి రాకుండా పోయేవి.

పేట చివరింట్లో ఒక్కటి ఉంది. దూడతోలు, వేపచెక్క, వెన్ను గీత సరిగ్గా నడిమధ్య. పెద్ద డప్పు తాతదే. ఆయన మనవడు దాన్ని స్నానాల కోసం పెరట్లో మిగుల్చుకున్న కట్టెల పొయ్యి పైన, తాటాకు చూరుకి వేలాడదీశాడు. కనుమ రాత్రి ప్రభ తిరిగొచ్చాక కిందికి దించాడు. తడితే తేమకి దబ్బుమంది. పొయ్యి ముందు కూర్చుని రెండు గుప్పిళ్ళ గడ్డి వేసి, చక్రంలా తిప్పుతూ, వేలితో తడుతూ కాచాడు. మూడో గుప్పెడు అక్కర్లేకపోయింది. లేచి నిలబడి ఒక్క దెబ్బ వేశాడు. గోడ అవతల, ప్లాస్టిక్ డప్పులు విప్పి ఆటోలో సర్దుతున్న కుర్రాళ్ళు చేతిలో పని ఆపి ఇటు తిరిగారు. ఒకడు లోపలికొచ్చి "అన్నా, ఇంకోసారి కొట్టు" అని, తన డప్పు మరను సగం చుట్టు వదులు చేసి, పక్కన నిలబడి విన్నాడు.